పాత నెగెటివ్‌లు స్కాన్ చేయించాలనుకుంటున్నారా? ట్రిప్లికేన్‌లో ఒక ల్యాబ్ గురించి

చెన్నైలో ఉంటూ, ఇంట్లో ఏ బీరువా అడుగునో పాత ఫోటోల నెగెటివ్‌లు (కడిగించిన ఫిల్మ్ ముక్కలు) ఉన్నవాళ్లు ఇది చదవండి. ట్రిప్లికేన్‌లో వాలాజా మసీదుకి దగ్గరి ఒక సందులో, మేడ మీద, ఒక పాత కలర్ ల్యాబ్ ఉంది. పేరు రాయొద్దని ఓనరే అడిగారు, ఉన్నది ఇద్దరే మనుషులు, ఇప్పటికే పని పేరుకుపోయి ఉందట. ఆ చుట్టుపక్కల ఏ స్టూడియోలో అడిగినా దారి చెప్తారు. అక్కడికే వెళ్లమని నేను అనట్లేదు, మీకు దగ్గరున్న ల్యాబ్‌కే వెళ్లండి, కానీ ఈయన చేసినట్టు చేస్తారా అని అడిగి మరీ ఇవ్వండి. అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నా.

సాధారణంగా ఏం జరుగుతుందంటే, మనం ఆల్బమ్ పట్టుకెళ్తాం, వాళ్లు ఫోటోలు స్కాన్ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసిస్తారు, అయిపోయింది. ఇంతకుముందు వేరే ఒక షాపులో నెగెటివ్‌లు కూడా ఇచ్చి చూశాను. బాగున్న ఫ్రేములు, అంటే ఫిల్మ్‌లో ఒక్కో బొమ్మ, అవి మాత్రమే తీసి, మిగతావి 'వేస్ట్ ఫ్రేములు మేడమ్' అని వదిలేశారు, ఉన్న ఫైళ్లకి కూడా ఏవో నంబర్లు పెట్టి వరస మొత్తం కలిపేశారు. ట్రిప్లికేన్ ఆయన పద్ధతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. ఆయన మొదట చెప్పిన మాటే, 'ఒక్క ఫ్రేమ్ కూడా వదలనమ్మా, నల్లగా ఉన్నదైనా సరే, వేలు అడ్డం పడినదైనా సరే.'

నెగెటివ్ స్ట్రిప్‌ని వెలుతురులో పట్టుకుని చూస్తే అంచున 1, 1ఎ, 2, 2ఎ అని చిన్న అంకెలు ఉంటాయి. అవి ఫిల్మ్ కంపెనీలోనే పడతాయి, కాబట్టి ఏ ఫోటో ముందు తీశారో ఏది తర్వాతదో వాటిని బట్టి తెలిసిపోతుంది. ఆల్బమ్‌లో ఎవరి ఇష్టం వచ్చినట్టు వాళ్లు అతికించుకుంటారు, నెగెటివ్‌లో ఆ మార్పు కుదరదు. ఈయన ముందు స్ట్రిప్ మొత్తాన్ని అంచులతో సహా ఒకసారి స్కాన్ చేస్తారు, తర్వాత ఒక్కో ఫ్రేమ్ విడిగా. ఫైల్ పేరు రోల్ నంబరు, ఫ్రేమ్ నంబరు. అంతే, చాలా మామూలు విషయం. కానీ మా ఇంట్లో ఏళ్ల తరబడి తేలని గొడవలు దీంతోనే తేలాయి.

మా నాన్న పెరంబూర్‌లో రైలు పెట్టెలు తయారుచేసే ఐసీఎఫ్‌లో చేసేవారు, మాది నెల్లూరు వైపు, నేను పుట్టింది పెరిగింది అంతా ఇక్కడే. నాన్న దగ్గర యాషికా ఎంఎఫ్-2 కెమెరా ఉండేది. సెలవు దొరికితే మహాబలిపురం, స్నేక్ పార్క్, వండలూరు జూ, మెరీనా, ఎక్కడికి వెళ్లినా అది మెడలో వేలాడాల్సిందే. రోల్ ఖరీదు, కడిగించడం ఖరీదు, ప్రింటు ఒక్కోదానికి డబ్బు, అందుకని ఒక రోల్‌ని నెలల తరబడి వాడేవారు, కడిగించాక కూడా చక్కగా వచ్చినవే ప్రింటు వేయించేవారు. ఆ రోజుల్లో దాదాపు ప్రతి ఇంట్లోనూ ఇంతే. అంటే మన ఆల్బమ్‌లలో ఉన్నవి నవ్వుతూ నిలబడ్డ ఫోటోలు మాత్రమే, ఆ రోజు జరిగిన అసలు సంగతులన్నీ ప్రింటు వేయించని ఫ్రేముల్లో ఉండిపోయాయి.

మహాబలిపురం రోల్ సంగతే చెప్తాను. ఆల్బమ్‌లో దానివి రెండే ఉన్నాయి, కృష్ణుడి వెన్నముద్ద అనే ఆ పెద్ద గుండుని అందరం కలిసి తోస్తున్నట్టు ఒకటి, తీరం గుడి ముందు ఒకటి. రెండింట్లోనూ మా తమ్ముడు లేడు. చిన్నప్పటి నుంచి వాడి ఫిర్యాదు ఒక్కటే, నన్ను అవ్వ దగ్గర వదిలేసి మీరందరూ తిరిగొచ్చారు అని. ఇప్పుడు స్కాన్‌లో పదమూడో ఫ్రేమ్ చూస్తే, వాడు గుండుకి ఇవతల, ఒక కాలికి చెప్పుతో, ఇంకో కాలు ఎత్తి పట్టుకుని నోరంతా తెరిచి ఏడుస్తున్నాడు. కెమెరా కదిలి మసకగా వచ్చింది, అందుకే ప్రింటు వేయించలేదు. దానికి ముందు తొమ్మిది, పది ఫ్రేముల్లో రోడ్డు పక్కన ఆగిపోయిన బస్సు, సరుగుడు తోట నీడలో దిగి కూర్చున్న జనం, వాళ్ల మధ్య మా అవ్వ గిన్నె తెరిచి ఎవరో తెలియని పిల్లలకి పెరుగన్నం ముద్దలు పెడుతోంది. ఆ దారిలో అప్పట్లో అంతా సరుగుడు తోటలే. ఒక ఫ్రేములో సగం నాన్న వేలే ఉంది, అయినా అవ్వ మొహం కనిపిస్తోంది. అవ్వ మమ్మల్ని చూస్తున్నట్టు ఉన్న ఫోటో మా ఇంట్లో ఇంకొకటి లేదు.

పద్నాలుగు ఆల్బమ్‌లో ఉన్నదే. పదిహేను చూసి అమ్మ షాపులోనే గట్టిగా 'అయ్యో, ఈయన ఉన్నారే ఇందులో' అంది. ఫోటో తీసేది ఎప్పుడూ నాన్నే కాబట్టి ఆయన ఏ ఫోటోలోనూ ఉండరు. ఇందులో ఉన్నారు, కాకపోతే ఫోటో ఒక పక్కకి ఒరిగిపోయింది, అందరి పాదాలూ తెగిపోయాయి. తీసింది గవ్వల దండలు అమ్మే ఒక కుర్రాడట. నాన్న వాడికి కెమెరా ఇచ్చి బటన్ ఎక్కడో చూపించారట. పదహారులో ఆ కుర్రాడే, మెడనిండా దండలతో, మా తమ్ముడిని భుజాల మీద ఎక్కించుకుని నడుస్తున్నాడు, ఎండకి కాలిన రాతి మీద ఒక్క చెప్పుతో నడవలేక వీడు మొరాయిస్తే. రెండో చెప్పు బస్సులో పోయిందని అమ్మకి అప్పుడే గుర్తొచ్చింది. ఇంత కథ ఆ రెండు ఫోటోలకి ముందూ వెనకా ఉందని మాకెవరికీ తెలియదు, తమ్ముడికి తెలిసే అవకాశమే లేదు. ఫోన్ చేసి చెప్తే అవతల చాలాసేపు మాట్లాడలేదు, తర్వాత ఆ కుర్రాడి పేరేంటి అని అడిగాడు. అమ్మకి గుర్తు లేదు.

పదిహేనో ఫ్రేమ్ నాన్నకి చూపిస్తే 'అది చెడిపోయిన ఫోటో కదే, దానికెందుకు డబ్బులు' అన్నారు. అమ్మ వినలేదు, పెద్ద సైజులో మాట్ పేపర్ మీద వేయించి హాల్లో పెట్టించింది.

అమ్మని షాపుకి తీసుకెళ్లమన్నది కూడా ఓనరే. స్కానర్ మీద బొమ్మ వచ్చేటప్పుడు ఇంట్లో పెద్దవాళ్లు పక్కన ఉంటే మంచిదమ్మా, ఇంటికెళ్లి చూస్తే మీరు ఫోన్‌లో జరుపుకుంటూ పోతారు, ఇక్కడైతే ఒక్కొక్కటి నిదానంగా వస్తుంది, మాట దానంతటదే వస్తుంది అన్నారు. ఈ సేవకి నేను ఎక్కువ మార్కులు వేసేది ఇక్కడే. ఓనర్ వాళ్లది ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబం, తరాల నుంచి మద్రాసులోనే ఉన్నారు, తెలుగు చదవడం మాత్రం రాదు. ఫోటోల వెనక అమ్మ పెన్నుతో రాసినవి ఉంటే చదివి వినిపించమని అడిగేవారు, విని, ఎవరెవరు ఉన్నారో, ఎక్కడో, ఫైల్‌లోనే క్యాప్షన్‌గా టైప్ చేసేవారు. ప్రింట్ల వెనకవైపు కూడా విడిగా స్కాన్ చేస్తారు, దానికి డబ్బు తీసుకోరు. మీరు ఏ ల్యాబ్‌కి ఇచ్చినా వెనకవైపు స్కాన్ తప్పకుండా అడగండి. అమ్మ చేతిరాతలో 'సముద్రం దగ్గర, పాపకి జలుబు' అని ఉంది ఒకదాని వెనక, ముందు వైపు చూస్తే నేను స్వెటర్ వేసుకుని మెరీనాలో ఎందుకున్నానో అప్పుడు అర్థమైంది.

ఇంక సంవత్సరం. ఆ మహాబలిపురం ట్రిప్ ఎప్పుడన్నది మా ఇంట్లో తెగని వాదన. అమ్మ 1990 అంటుంది, నాన్న కాదు కాదు, కిష్కింటా అమ్యూజ్‌మెంట్ పార్క్ తెరిచాక, 95 దాటాక అంటారు. ఓనర్ రోల్ చివరి దాకా చూసి, ఇరవై ఎనిమిది నుంచి ముప్ఫై ఒకటి దాకా ఉన్న ఫ్రేములు చూపించారు. మెరీనా లైట్‌హౌస్ పైనుంచి కిందకి తీసినవి. 1991లో రాజీవ్ గాంధీ హత్య తర్వాత ఆ లైట్‌హౌస్ పైకి జనాన్ని వెళ్లనివ్వడం ఆపేశారు, మళ్లీ తెరిచింది 2013 నవంబర్‌లో. రోల్ ఒకటే, మహాబలిపురం ముందు, లైట్‌హౌస్ తర్వాత, కాబట్టి అమ్మ చెప్పిందే నిజం. నాన్న ఒప్పుకున్నారు. ఇలాంటి ఆనవాళ్లు ఫోటోల్లో చాలా ఉంటాయట, దుకాణం బోర్డు మీద మద్రాస్ అని ఉందా చెన్నై అని ఉందా, ఫోన్ నంబరుకి ఎన్ని అంకెలు ఉన్నాయి, బస్సు మీద పల్లవన్ అని, అంటే అప్పటి సిటీ బస్సుల సంస్థ పేరు, ఉందా. ఊరి పేరు మారింది 1996లో కాబట్టి ఒక అంచనా దొరుకుతుంది, బోర్డులు వెంటనే మార్చరు కాబట్టి అదొక్కటే నమ్మకూడదు అని కూడా ఆయనే చెప్పారు.

ఒక సాంకేతిక విషయం, ఇది చాలామందికి ఇబ్బంది అవుతోంది. స్కాన్ చేసిన ఫైల్‌లో తేదీ స్కాన్ చేసిన రోజుదే పడుతుంది, ఫోన్‌లో వేస్తే 1990 ఫోటోలన్నీ నిన్న తీసినట్టు వరసలో వచ్చేస్తాయి. తీసిన సంవత్సరం ఫైల్‌లో మార్చి ఇవ్వమని చెప్పండి, ఈయన అడక్కుండానే చేశారు. 35 ఎంఎం ఫ్రేమ్ అంటే 24 బై 36 మిల్లీమీటర్లు, దాన్ని 2400 డీపీఐలో (అంగుళానికి 2400 చుక్కలు) స్కాన్ చేస్తే సుమారు 3400 బై 2270 పిక్సెల్స్ వస్తుంది, పది అంగుళాల ప్రింటు దాకా హాయిగా సరిపోతుంది. అంతకన్నా ఎక్కువ అని చెప్పి ఎక్కువ డబ్బు అడిగితే ఎందుకో ఆలోచించుకోండి. కలర్ నెగెటివ్‌ల మీద దుమ్ము, గీతలు తీసేసే ఇన్‌ఫ్రారెడ్ పద్ధతి స్కానర్‌లోనే ఉంటుంది, మామూలు బ్లాక్ అండ్ వైట్ ఫిల్మ్‌కి అది పనిచేయదు, వాటిలోని వెండి ఆ కిరణాలకి కూడా అడ్డం పడుతుంది. కాబట్టి అవ్వ కాలం నాటి ఫోటోల్లో చుక్కలు కొన్ని మిగిలాయి, అది ల్యాబ్ తప్పు కాదు.

నచ్చనివి కూడా ఉన్నాయి. మెట్లు మరీ నిటారుగా, ఇరుకుగా ఉన్నాయి, నాన్నకి మోకాళ్ల నొప్పులు, అందుకే రాలేకపోయారు, ఆయన ఆ స్క్రీన్ ముందు కూర్చుని ఉంటే ఇంకెన్ని చెప్పేవారో అని నాకు ఇప్పటికీ బాధగా ఉంది. పెద్దవాళ్ల కోసం ఒక లాప్‌టాప్ కింద ఎక్కడైనా పెట్టమని అడిగాను, చూస్తామన్నారు. చెప్పిన గడువు కన్నా బాగా ఆలస్యం చేస్తారు, పండగల ముందు అయితే అసలు ఇవ్వకండి. ఇంకోటి, అక్కడ పనిచేసే అబ్బాయి మొహాలని సాఫ్ట్‌వేర్‌తో 'క్లియర్' చేసి ఇస్తానంటాడు. ఒకటి చేయించి చూశాను, అవ్వ మొహం మీద ముడతలు పోయాయి, అది అవ్వ కాదు. ముట్టుకోని స్కాన్ తప్పకుండా విడిగా తీసుకోండి. చిన్న 110 సైజు నెగెటివ్‌లకి వాళ్ల దగ్గర సరైన హోల్డర్ లేదు, ఆ సైజు ఫిల్మ్ వేసే హాట్ షాట్ కెమెరా వాడిన ఇళ్లవాళ్లు ముందే అడిగి వెళ్లండి.

2015 డిసెంబర్ వరదల తర్వాత, మళ్లీ 2023లో మిచౌంగ్ తుఫాను తర్వాత, తడిసి అట్టకట్టిన ఆల్బమ్‌లు ఎన్నో వచ్చాయట. అప్పటికే చాలామంది లాగి విడదీసేసి ఉంటారు, బొమ్మంతా ఎదుటి దానికి అతుక్కుని వచ్చేస్తుంది. తడిసిన ఫోటోలు ఎండి అట్టకట్టక ముందే శుభ్రమైన చల్లటి నీళ్లలో ఉంచి, వాటంతటవే వదులయ్యాక మెల్లగా విడదీసి, బొమ్మ పైకి ఉండేలా నీడలో ఆరబెట్టాలి. వేళచ్చేరిలోనో పెరంబూర్‌లోనో కింది అంతస్తులో ఉంటున్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి, ఇంకా మంచిది వానలకి ముందే ఆల్బమ్‌లు పై అరలోకి మార్చడం. మన ఊరి గాలిలో తేమకి ఫంగస్ ఎలాగూ పడుతుంది, నెగెటివ్‌లు పెట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి, రంగు మారినప్పుడు మార్చండి. జిగురు పేజీల ఆల్బమ్‌లు ఉంటే ఫోటోలు అందులోంచి తీసేయించండి, ఆ జిగురే కాలక్రమంలో ఫోటోని పాడుచేస్తుంది.

నా దగ్గర 36 ఫ్రేముల రోల్‌కి 400 తీసుకున్నారు, ప్రింట్లు విడిగా. జీపే ఉంది. ఆదివారాలూ, శుక్రవారం మధ్యాహ్నాలూ మూసి ఉంటుంది. స్ట్రిప్‌లని మీరే కత్తిరించకండి, తుడవకండి, పాత ల్యాబ్ కవర్లలో ఎలా ఉన్నాయో అలాగే తీసుకెళ్లండి, ఆ కవర్ల మీద రాసిన రోల్ నంబరు, తేదీ కూడా ఆయనకి పనికొస్తాయి. పది గంటలకే వెళ్తే రద్దీ ఉండదు, అమ్మనో అత్తనో కూర్చోబెట్టడానికి కుర్చీ ఇస్తారు.