విశాఖలో దొరికే ఉగ్గు పొడులు: ఏది కొనొచ్చు, ఏది వదిలేయాలి

పూర్ణా మార్కెట్ దినుసుల కొట్ల నుంచి ఎంవీపీ కాలనీ సూపర్ మార్కెట్ల దాకా, అన్నప్రాసన వయసు పిల్లల కోసం అమ్మే పొడులు ప్రధానంగా మూడు రకాలు: మొలకెత్తిన చోడి (రాగి) పిండి, బియ్యం-పెసరపప్పు ఉగ్గు, డ్రైఫ్రూట్స్ ఉగ్గు. ఖరీదులో మూడోదే పైన. ఉగ్గు మొదలెట్టిన మొదటి నెలకి పనికిరానిదీ అదే.

అందులో బాదం, జీడిపప్పు, పిస్తా, గోధుమ, నాలుగైదు పప్పులు అన్నీ ఒకేసారి కలిసి ఉంటాయి. బిడ్డకి ఒంటిమీద దద్దుర్లు లేస్తే ఏది పడలేదో తేల్చుకోలేం. పైగా ప్యాకెట్ మీద దినుసుల పేర్లు బరువు ప్రకారం, ఎక్కువ నుంచి తక్కువకి రాయాలన్నది నిబంధన. బాదం పేరు చిట్టచివర ఉంటే దాని వంతు చిటికెడేనని అర్థం. బెల్లం, ఖర్జూరం పొడి, పాలపొడి పేర్లు కనిపిస్తే ప్యాకెట్ అక్కడే పెట్టేయండి. ఏడాది లోపు ఉప్పు, పంచదార అక్కర్లేదు, తేనె అసలు వద్దు. 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబరు లేని ప్యాకెట్ ముట్టుకోవద్దు.

మా ఓటు మొలకెత్తిన చోడి పిండికే. గింజ మొలకెత్తినప్పుడు పుట్టే అమైలేజ్ అనే ఎంజైము పిండిపదార్థాన్ని విడగొడుతుంది. అందుకే జావ జిగురుగా బిగుసుకోదు, అదే గిన్నెడు జావలో ఎక్కువ పిండి పడుతుంది. నాలుగు చెంచాలకే నిండిపోయే పొట్టకి ఇది పెద్ద లాభం. కాల్షియం సరేసరి, 100 గ్రాములకి 300 మిల్లీగ్రాముల పైనే. అయితే పిండిని మరిగే నీళ్ళలో పోస్తే అమైలేజ్ అప్పటికప్పుడే చచ్చిపోతుంది. చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, సన్న సెగ మీద నెమ్మదిగా వేడెక్కనివ్వాలి. కొన్నది నిజంగా మొలకెత్తిన పిండేనా అన్న అనుమానానికీ ఇక్కడే జవాబు: మామూలు చోడి పిండిని అదే కొలతతో పక్కన కాచి చూడండి. రెండూ ఒకేలా బిగుసుకుంటే డబ్బు దండగ.

బియ్యం-పెసరపప్పు ఉగ్గు కూడా మంచిదే. మూడు పాళ్ళు బియ్యానికి ఒక పాలు పప్పు ఉంటే చాలు. ఈ రకంలో సామాన్యంగా కనిపించే లోపం పప్పు సరిగ్గా వేగకపోవడం. చిటికెడు నాలుక మీద వేసుకుంటే పచ్చివాసన తెలిసిపోతుంది. ప్యాకెట్ మీద మూడు నిమిషాలని రాసినా నమ్మొద్దు. పెద్ద చెంచాడు పొడికి 150 మి.లీ. నీళ్ళు పోసి, అడుగంటకుండా కలుపుతూ 8-10 నిమిషాలు ఉడికించాలి, దించాక అర చెంచా నెయ్యి. పలుకులు తగిలితే ముందే జల్లించుకోండి.

ఆరు నెలలు నిండాకే మొదలు. తొలివారం రెండు మూడు చెంచాలు, రోజుకి రెండుసార్లు, తల్లిపాలు మామూలుగానే. చెంచా వంచితే జావ నీళ్ళలా కారిపోకూడదు, మెల్లగా జారాలి. పాలసీసాలో పోసి తాగించేంత పల్చన చేస్తే పొట్ట నిండుతుంది గానీ బలం చాలదు. కొత్త పదార్థం కలిపాక మూడు రోజులు ఆగి మరొకటి. ఏ ఉగ్గూ ఇనుముకి సరిపోదు. గుడ్డు, ముల్లు లేకుండా మెదిపిన చేప తినే ఇళ్ళలో అవి ఏడాది దాకా ఆపక్కర్లేదు. శాకాహారులైతే పప్పు ముద్దలో ఉడికిన టమాటా రసం కలిపితే ఉన్న ఇనుమైనా ఒంటపడుతుంది.

నిల్వ సంగతికొస్తే, మన సముద్రపు గాలికి ఏ పొడీ ఎక్కువ కాలం ఆగదు. 200 గ్రాములకి మించి కొనకండి, తెరిచాక రెండు మూడు వారాల్లో అవగొట్టండి. ఫ్రిజ్‌లోంచి తీసిన డబ్బా మూత వెంటనే తెరిస్తే లోపల చెమ్మ పట్టి ఉండకడుతుంది. గింజపప్పులు కలిసిన పొడి అన్నిటికంటే ముందు పాత నూనె వాసన కొడుతుంది.

రైతుబజార్లో చోడులు కొని ఇంట్లోనే మొలకెత్తించి ఎండబెట్టుకుంటే అన్నిటికన్నా చవక. చిక్కంతా పిండిమర దగ్గరే. మీకంటే ముందు కారమో గోధుమో ఆడించి ఉంటారు. గుప్పెడు బియ్యం ముందు ఆడించి, ఆ పిండి పక్కన పెట్టించి, తర్వాత మీ చోడులు పోయించండి.