65 దాటినవారికి పెద్దవయసు దాత కిడ్నీ: తీసుకోవడం మేలా, ఆగడం మేలా?

వరంగల్‌లో వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగేసి గంటలు డయాలసిస్ చేయించుకుంటున్న 68 ఏళ్ల మనిషికి 70 ఏళ్ల దాత కిడ్నీ ఇస్తామంటే, ఇంటివాళ్లు మొదట అడిగేది ‘ముసలి కిడ్నీ ఎన్నాళ్లు పనిచేస్తుంది?’ అని. దానితోపాటు, అది ఎన్నాళ్లు పనిచేస్తే ఈ మనిషికి సరిపోతుందో కూడా అడగాలి.

నలభై దాటాక కిడ్నీల వడపోత శక్తి నిమిషానికి సుమారు ఒక మిల్లీలీటరు చొప్పున ఏటా తగ్గుతూ వస్తుంది. అందుకే పెద్దవయసు దాత కిడ్నీ ముప్పై ఏళ్ల యువకుడికి చాలకపోవచ్చు గాని, డెబ్బైకి దగ్గరపడినవారి అవసరాన్ని తీర్చగలదు. ఈ లెక్కతోనే ఐరోపాలోని యూరోట్రాన్స్‌ప్లాంట్ సంస్థ 1999లో 65 దాటిన దాతల కిడ్నీలను 65 దాటిన రోగులకే ఇచ్చే పథకం మొదలుపెట్టింది. దాత నుంచి తీసిన పెద్దవయసు కిడ్నీ ఎక్కువసేపు మంచులో ఉంటే తట్టుకోలేదు కాబట్టి, దాత కణజాలం రోగి కణజాలంతో ఎంత కలిసిందో చూస్తూ కూర్చోకుండా దగ్గరలోని రోగికి త్వరగా అమర్చడం అక్కడి పద్ధతి. నిరీక్షణ తగ్గింది, అయితే శరీరం కిడ్నీని తిరస్కరించే సందర్భాలు కొంత పెరిగాయి.

మార్పిడి చేయించుకున్న మర్నాటి నుంచే అంతా బాగుంటుందనుకోకూడదు. ఇలాంటి కిడ్నీ వెంటనే పని మొదలుపెట్టక, ఆపరేషన్ తర్వాత కూడా కొన్నాళ్లు డయాలసిస్ అవసరం కావచ్చు. తిరస్కరణను ఆపే మందుల వల్ల ఇన్ఫెక్షన్లు, మన దగ్గర ముఖ్యంగా టీబీ, కొందరికి కొత్తగా షుగరు వచ్చే ప్రమాదం ఉంది. మొదటి కొన్ని నెలల్లో ప్రాణాపాయం డయాలసిస్ మీద ఉన్నవారికంటే ఎక్కువే. ఆ గడ్డు కాలం దాటాకే మార్పిడి లాభం కనిపిస్తుంది. కాబట్టి గుండె బాగా బలహీనపడినవారు, నాలుగడుగులు వేయడానికే ఆయాసపడేవారు డయాలసిస్‌లోనే ఉండటం మేలు.

డయాలసిస్ ఆరోగ్యశ్రీ కింద ఉచితంగా జరిగినా, దాని భారం డబ్బులో కనిపించదు. మూత్రం దాదాపు ఆగిపోయినవారికి వరంగల్ మే నెల ఎండల్లో కూడా రోజంతటికీ లీటరు లోపే నీళ్లు, అందులోనే చాయ్, మజ్జిగ, పప్పుచారు. దాహం ఆగకపోతే నోట్లో ఒక ఐసుముక్క. ఆ ఎండలో చల్లబరిచే కొబ్బరినీళ్లు పొటాషియం వల్ల అసలే కూడదు. నర్సంపేట నుంచో ములుగు నుంచో బస్సులో వచ్చేవారికి, ఒంట్లోంచి రెండు మూడు కిలోల నీరు తీశాక ఆ పూట లేచి కూర్చునే ఓపిక కూడా మిగలదు.

ఇక చిన్నవయసు దాత కిడ్నీ కోసమే ఆగుతామనేవారి మాట. నా అభిప్రాయంలో, మార్పిడికి పనికొచ్చే 65 దాటిన రోగికి అన్నిటికంటే నష్టం ఇందులోనే, ఎందుకంటే డయాలసిస్ మీద గడిచే ప్రతి ఏడూ గుండెను, రక్తనాళాలను దెబ్బతీస్తూ, చివరికి కిడ్నీ దొరికేనాటికి ఆపరేషన్ తట్టుకునే శక్తిని హరిస్తుంది. పైగా ఇరవై ఏళ్ల కిడ్నీ ఎంత గట్టిదైనా, వృద్ధుడు కన్నుమూస్తే పనిచేస్తుండగానే అతనితోపాటే పోతుంది. మరణించిన దాతల అవయవాల కోసం పేరు నమోదుకు ఉన్న 65 ఏళ్ల పరిమితిని కేంద్రం 2023లో తొలగించింది కాబట్టి, మరణించిన దాతల అవయవాలను రోగులకు కేటాయించే రాష్ట్ర పథకం జీవన్‌దాన్‌లో పేరు రాయించడానికి వయసు అడ్డమని వెనకాడనక్కరలేదు.

అరవై దాటిన భార్య ఇస్తానంటే? పరీక్షల్లో ఆమె ఆరోగ్యం సరిగా తేలితే, మరణించిన పెద్దవయసు దాత కిడ్నీకంటే అదే మెరుగు. తేదీ ముందే ఖాయమవుతుంది, కిడ్నీ మంచులో గడిపే సమయం చాలా తక్కువ. అయితే మన దేశంలో ఇచ్చేవారిలో ఆడవాళ్లే ఎక్కువ గనుక, ఆమెను కొడుకుల ముందు గాక ఒంటరిగా కూర్చోబెట్టి అడగాలి.

జీవన్‌దాన్ మార్పిడులు ఎక్కువగా జరిగేది సుమారు 150 కిలోమీటర్ల దూరంలోని హైదరాబాద్‌లోనే. ఫోను అర్ధరాత్రి రావచ్చు, అప్పుడు ఇంట్లో చర్చ మొదలుపెడితే మంచులోని కిడ్నీకి గంటలు తరిగిపోతాయి. పెద్దవయసు దాత కిడ్నీకి ఒప్పుకుంటామో లేదో పేరు రాయించేనాడే డాక్టరుకు చెప్పి, గుండె పరీక్షలు తాజాగా ఉంచుకోవాలి. కబురు వచ్చాక దాత క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్ష) ఎంత, బీపీ, షుగరు ఎన్నేళ్లుగా ఉన్నాయి, బయాప్సీ (కిడ్నీ నుంచి చిన్న ముక్క తీసి చూసే పరీక్ష) చేశారా అన్నవి అడగాలి. ఒక్క కిడ్నీ చాలదని తేలితే ఆ దాత రెండు కిడ్నీలనూ ఒకే రోగికి అమర్చే పద్ధతీ ఉంది.