పొలం కొనే ముందు తనిఖీ ప్యాకేజీ: కాగితాల్లో గట్టి, దారి దగ్గర వట్టి

చిన్న పొలం, అందులో ఓ ఇల్లు, బోరు ఉన్న ఆస్తి కొనేవాళ్లకు తనిఖీ సేవలు ప్యాకేజీగా దొరుకుతున్నాయి. కాగితాల పరిశీలన, సర్వే, నీటి పరీక్ష కలిపి ఒకే ధర చెబుతారు. పని మాత్రం మూడింట్లోనూ ఒకే తీరుగా ఉండదు.

కాగితాల భాగం మామూలుగా బాగానే ఉంటుంది. లాయర్లు లింకు డాక్యుమెంట్లు (ఆస్తి ఒకరి నుంచి ఒకరికి ఎలా మారిందో చూపే పాత దస్తావేజులు), తనఖాలు, కోర్టు కేసులు, వారసుల సంతకాలు చూస్తారు. 1858లో దక్షిణ ఆస్ట్రేలియాలో మొదలైన టోరెన్స్ పద్ధతి ఉన్నచోట ప్రభుత్వ రిజిస్టరులో ఉన్న పేరే హక్కు. దస్తావేజులు మాత్రమే నమోదయ్యే చోట రిజిస్ట్రేషన్ ఒక్కటే హక్కును నిరూపించదు, చేతులు మారిన దస్తావేజుల గొలుసంతా తెగకుండా కనబడాలి. అందుకే 'టైటిల్ క్లియర్' అన్న రెండు పేజీల అభిప్రాయంతో సరిపెట్టుకోకండి. ఏవి అసలు ప్రతులు చూశారో, ఏవి నకళ్లో జాబితా అడగండి. జీపీఏ (యజమాని తన తరఫున వ్యవహరించమని మరొకరికి రాసిచ్చే అధికార పత్రం) మీద అమ్ముతుంటే, అది ఇచ్చిన మనిషి బతికే ఉన్నారా, దాన్ని రద్దు చేశారా అన్నది విడిగా రాయించండి.

సర్వేకి కొందరు ఫోన్ జీపీఎస్‌తో వస్తారు. దాని తేడా ఆరుబయట కూడా మూడు నుంచి అయిదు మీటర్లు. చదరంగా ఉన్న ఎకరానికి ఒక్కో పక్క దాదాపు 64 మీటర్లు కాబట్టి, ఒక్క హద్దు మూడు మీటర్లు జరిగితే సుమారు 190 చదరపు మీటర్లు పోతాయి. అంటే ఎకరంలో దాదాపు అయిదు శాతం. టోటల్ స్టేషన్ (కోణాలు, దూరాలు కొలిచే సర్వే యంత్రం) గానీ ఆర్‌టీకే జీపీఎస్ (సెంటీమీటర్లలో కొలిచే జీపీఎస్) గానీ వాడతామంటేనే ఒప్పుకోండి. పక్క పొలాల వాళ్లను పిలిచి, వాళ్ల ఎదుటే మూలల్లో రాళ్లు పాతించాలి. కంచె ఉన్నచోటే హద్దు ఉందనుకోవద్దు, కంచెలు చాలావరకు పశువుల కోసం వేసినవే.

అసలు లోటు దారి దగ్గర. ప్యాకేజీ నివేదికల్లో 'దారి ఉంది' అని ఒక్క ముక్క రాసి వదిలేస్తారు. కళ్లకు కనబడే బాట వేరు, హక్కు వేరు. అమ్మేవాళ్లు, పక్కవాళ్లు చుట్టాలైతే మాట మీద నడిచిన బాట, యజమాని మారగానే మూసుకుపోవచ్చు. ఆ నేల ఎవరిది, వెడల్పు ఎంత, నడకకేనా వాహనాలకు కూడానా, బాగుచేయించే ఖర్చు ఎవరిది, రెండు పొలాల దస్తావేజుల్లోనూ ఉందా అన్నవి నివేదికలో లేకపోతే ప్యాకేజీ డబ్బు పూర్తిగా చెల్లించకండి. లారీ వెడల్పే దాదాపు రెండున్నర మీటర్లు. మూడు మీటర్ల బాటకు అటూ ఇటూ కంచె ఉంటే మలుపు దగ్గర ఇరుక్కుంటుంది.

నీటి పరీక్షలో జరిగే మోసం (చాలాసార్లు అది మోసం కూడా కాదు, బద్ధకమే) అరగంట మోటారు వేసి చూపించడం. ఆరు అంగుళాల బోరులో మీటరు లోతుకు సుమారు 18 లీటర్లు నిలవ ఉంటుంది. 60 మీటర్ల నీరుంటే దాదాపు 1,100 లీటర్లు. నిమిషానికి 30 లీటర్లు తోడినా ఆ నిలవ అరగంటకు పైగా సరిపోతుంది, కాబట్టి ఊట సంగతి అసలు తెలియదు. ఎండాకాలం చివర్లో కనీసం నాలుగు గంటలు ఆపకుండా తోడించి, మధ్యమధ్య నీటిమట్టం కొలిపించి, ఆపాక ఎంతసేపటికి పైకి వస్తుందో రాయించాలి. కొలతకు బకెట్ చాలు: 20 లీటర్లు 40 సెకన్లలో నిండితే నిమిషానికి 30 లీటర్లు. ఎకరానికి అయిదు మిల్లీమీటర్ల తడి ఇవ్వాలంటే 20,000 లీటర్లు కావాలి, అంటే ఆ బోరుకు పదకొండు గంటల పని.

ఇల్లు ఉంటుంది కాబట్టి తాగునీటి పరీక్ష కూడా చేయించాలి. 100 మిల్లీలీటర్లలో ఈ. కోలై (మలం కలిసిందని చెప్పే బ్యాక్టీరియా) ఒక్కటీ ఉండకూడదు. నైట్రేటుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 50 మిల్లీగ్రాములు. మరిగిస్తే నైట్రేటు పోదు, నీరు ఇగిరి ఇంకా చిక్కబడుతుంది.

సెప్టిక్ ట్యాంకు నీరు పక్కవాళ్ల నేలలోకి పోతోందా, ఇంటికి అనుమతి ఉందా అన్నవి కూడా చూపించండి.

మా లెక్కలో కాగితాలకు అయిదుకు నాలుగు, సర్వేకి మూడు, నీటికి రెండు, దారికి ఒకటి. లాయరును, సర్వేయరును బ్రోకరు చెప్పినవాళ్లలోంచి కాకుండా విడివిడిగా పెట్టుకోవడం మేలు. కాగితాలు, దారి తేలాకే అడ్వాన్సు ఇవ్వండి. ఒప్పందంలో మాత్రం సర్వే విస్తీర్ణం తగ్గితే ఆ మేరకు ధర తగ్గాలనీ, రాసుకున్న కొలతకన్నా నీరు తక్కువ వస్తే అడ్వాన్సు వెనక్కి ఇవ్వాలనీ అంకెలతో సహా ఉండాలి.