జాగ్రత్త: మొలలకు ‘స్టాప్లర్ ప్యాకేజీ’ అనగానే డబ్బు కట్టేయకండి

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు మొలల ఆపరేషన్ కోసం తిరుగుతున్నవాళ్లు ఇది చదివి వెళ్లండి. మా బావకి నెల్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేశారు. బయట బోర్డు మీద ‘లేజర్, నొప్పి ఉండదు, మళ్లీ రాదు’ అని ఉంది. తీరా చేసింది స్టాప్లర్, అంటే పిన్నులు కొట్టే పరికరంతో చేసే ఆపరేషన్. అది వేరు, లేజర్ వేరు. ప్యాకేజీ డబ్బు మొత్తం కట్టించుకుని, డిశ్చార్జి రోజు ‘గన్’ (ఆ పిన్నులు కొట్టే పరికరం) బిల్లు విడిగా చేతిలో పెట్టారు.

డబ్బు పోతే పోయింది. బయటి మొలలు, వేలాడే చర్మం ఎక్కడివక్కడే ఉన్నాయి! అడిగితే “అవి ఇందులో రావండీ” అన్నారు. నిజమే, రావు. స్టాప్లర్ పనంతా లోపల, నొప్పి అంతగా తెలియని చోట. అక్కడి పొరను ఉంగరంలా కోసి టైటానియం పిన్నులు వేస్తుంది, దాంతో జారిన మొలలు పైకి వెళ్తాయి. మొదట్లో నొప్పి తక్కువ ఉండేది అందుకే. ఈ మాట ముందే చెబితే వాళ్ల సొమ్మేం పోయింది?

‘మళ్లీ రాదు’ అనేది ఇంకా పెద్ద మాట. 2016లో లాన్సెట్ పత్రికలో బ్రిటన్ డాక్టర్ల అధ్యయనం వచ్చింది, 777 మంది మీద. స్టాప్లర్‌తో తొలి వారాల్లో నొప్పి తక్కువే, కానీ మొలలు తిరగబెట్టడం మామూలు కోత ఆపరేషన్ కంటే ఎక్కువ.

పైగా బావకి ఇప్పుడు విరేచనం వస్తే ఆపుకోవడం కష్టంగా ఉంది, బస్సెక్కాలంటే టెన్షన్. కొందరికి ఇలా అవుతుందట, చాలామందికి మెల్లగా తగ్గుతుందట. ఇదీ వేరే సర్జన్ చెబితేనే తెలిసింది.

ముందు గ్రేడు ఎంతో కాగితం మీద రాయించుకోండి. చేత్తో తోస్తేనే లోపలికి వెళ్లేవి మూడో గ్రేడు, తోసినా వెళ్లనివి నాలుగు. వాటంతట అవే వెళ్లిపోయే రెండో గ్రేడుకి చాలాసార్లు మొల మొదట్లో రబ్బర్ బ్యాండు బిగిస్తే సరిపోతుంది, గన్ దాకా పోనక్కర్లేదు. కోత ఆపరేషన్‌కి ఎంతవుతుందో కూడా అడగండి. గన్ ఒకసారి వాడి పారేసేది, కాబట్టి కొత్తదే వాడారనడానికి గుర్తుగా దాని పెట్టె మీది స్టిక్కర్‌ను డిశ్చార్జి కాగితానికి అంటించమనండి.

ఆపరేషన్ తర్వాత జ్వరం, పొత్తికడుపులో నొప్పి, మూత్రం రాకపోవడం, రక్తం గడ్డలుగా పడటం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకండి, వెంటనే క్యాజువాలిటీకి వెళ్లండి. అరుదే గానీ లోపల చీము పట్టి ప్రాణం మీదికి రావచ్చు. బావకిచ్చిన కాగితంలో ఈ ముక్క ఒక్కటీ లేదు. స్టిక్కర్ ఇమ్మని అడిగాం, ఇంకా ఇవ్వలేదు.