రిమోట్ గేటు కిట్ కొంటున్నారా? ముందు ఆ స్టిక్కర్ పీకి చూడండి

నమూనా గేట్లకు రిమోట్ కిట్లు అమ్మే ఆ మహానుభావుడు ఎవరో మీలో చాలామందికి తెలుసు. పేరు రాయను. నాకైతే నిన్నటితో బాగా తెలిసివచ్చింది.

అబ్బాయి ప్రాజెక్టు కోసం కొన్నాను. అట్ట గేటు, గేర్ మోటారు, దాన్ని నడిపే ఎల్293డీ చిప్పు, రిమోట్ సంకేతాన్ని కోడ్‌గా మార్చే హెచ్‌టీ12ఈ, ఆ కోడ్ విప్పే డీకోడర్ హెచ్‌టీ12డీ జత, 433 మెగాహెర్ట్జ్ ట్రాన్స్‌మిటర్, రిసీవర్. బ్యాటరీ తీగలు నేరుగా మోటారుకు తాకిస్తే గేటు బ్రహ్మాండంగా తెరుచుకుంటోంది. రిమోట్ నొక్కితే ఉలుకూ లేదు, పలుకూ లేదు.

రెండు రాత్రులు తప్పంతా నాదే అనుకున్నాను. ఆ జత ఒకదాన్నొకటి గుర్తుపట్టే ఎనిమిది అడ్రస్ పిన్నులూ రెండు వైపులా ఒకేలా ఉన్నాయా అని పిల్లవాడితో చదివించి సరిచూశాను. ఆ చిప్పుల వేగాన్ని నిర్ణయించే ఆసిలేటర్ రెసిస్టర్లు మార్చాను. యాంటెన్నా తీగను 17 సెంటీమీటర్లకు కత్తిరించాను. సరైన సంకేతం అందిందని చెప్పే డీకోడర్ వీటీ పిన్నుకు పెట్టిన ఎల్‌ఈడీ ఒక్కసారి మినుక్కుమంటే ఒట్టు.

ట్రాన్స్‌మిటర్ మీద గుండ్రటి లోహపు డబ్బీ ఉంటుంది కదా, దానికి 433 అని బుల్లి స్టిక్కర్. అంచు కాస్త లేచి కనిపిస్తే గోటితో లాగాను. కింద లోహం మీద 315 అని ఉంది, అంటే 315 మెగాహెర్ట్జ్! రిసీవరేమో 433. ఇక ఆ రెండూ ఏ జన్మకు మాట్లాడుకుంటాయి?

ఫోన్ చేశాను. కొనేముందు "అర్ధరాత్రయినా అడగండి సార్" అన్న గొంతే. "సోల్డర్ చేశారా? అయితే వెనక్కి తీసుకోము" అన్నాడు. స్టిక్కర్ సంగతి చెప్పబోతే, "మా కిట్టు చిన్నపిల్లలు కూడా చేస్తున్నారు సార్, మీకు చేతకాకపోతే మేమేం చేస్తాం?" ఫోను స్పీకర్‌లో ఉంది. అబ్బాయి పక్కనే ఉన్నాడు. అయినా వదలకుండా 315 అని గట్టిగా చదివి వినిపించాను. కాసేపు మాట లేదు. తర్వాత నవ్వాడు. "గేటు చిన్నదే కదా సార్, చేత్తో తీసేయండి" అని పెట్టేశాడు.

చేత్తో తీయడానికా ఇంత డబ్బు పోసింది!

నాకూ బుద్ధి లేదు. ముందు సోల్డర్ లేకుండా తీగలు గుచ్చి చూసే బ్రెడ్‌బోర్డు మీద పరీక్షించమని నలుగురికీ చెప్పేవాడిని, నా వంతు వచ్చేసరికి తొందరపడి అతికించేశాను. ఇప్పుడు 433 ట్రాన్స్‌మిటర్ ఒక్కటే వేరే చోట కొంటున్నాను.

అన్నట్టు, పెట్టె విప్పేటప్పుడు వీడియో తీసుకోండి. స్టిక్కర్ పీకేటప్పుడు కూడా.