వానలో మల్లెలతీర్థం మెట్లు

అల్పపీడనం ఉందని శనివారం పొద్దున్నే టీవీలో చెప్పారు. నల్లమల అడవిలోని మల్లెలతీర్థం జలపాతానికి ఇప్పుడొద్దు, మరెప్పుడైనా వెళ్దామన్నారు మా ఆయన. పిల్లల దసరా సెలవులు ఇంకో రెండు రోజుల్లో అయిపోతాయి. చివరికి మా అత్తమ్మే తేల్చేసింది: "వానకు కరిగిపోతమా, నడువుండ్రి."

నల్లగొండ నుంచి దేవరకొండ, డిండి మీదుగా హాజీపూర్ చేరి, ఆ రాత్రికి అచ్చంపేటలో ఒక లాడ్జిలో దిగాం. మన్ననూరులో అటవీశాఖ కాటేజీలు ఉన్నాయి కానీ మేం అడిగేసరికి ఖాళీ లేదు. లాడ్జివాళ్లు ఫోన్లో వేడినీళ్లు ఉంటాయన్నారు, తీరా చూస్తే గీజర్ పనిచేయదు. గోడలకు చెమ్మ, దుప్పట్లకు ముక్కిన వాసన. ఇంటి నుంచి తెచ్చుకున్న చద్దర్లు పరుచుకుని పడుకున్నాం. ముసురు పట్టిన రోజుల్లో గది కళ్లతో చూశాకే డబ్బు కట్టండి.

పొద్దున ఏడింటికి మన్ననూరు చెక్‌పోస్టు దాటాం. అక్కడి నుంచి అమ్రాబాద్ టైగర్ రిజర్వ్. ఈ శ్రీశైలం రోడ్డు మీద రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు బండ్లను వదలరు, కాబట్టి తిరుగు ప్రయాణం లెక్క వేసుకునే బయల్దేరాలి. అడవిలో ప్లాస్టిక్ నిషేధం. నీళ్లు స్టీలు సీసాల్లో, పులిహోర, సద్దుల బతుకమ్మకు చేసిన మలీద ముద్దలు స్టీలు డబ్బాల్లో పెట్టుకున్నాం. దారి పొడవునా కోతులు తడుస్తూ కూర్చున్నాయి. బిస్కెట్ వేస్తామని పిల్లలు గోల చేశారు, నేను ఒప్పుకోలేదు. తిండి కోసం రోడ్డు మీదికి వచ్చే కోతులే బండ్ల కింద పడేది.

వటవర్లపల్లి దగ్గర మెయిన్ రోడ్డు వదిలి సుమారు ఎనిమిది కిలోమీటర్లు లోపలికి వెళ్తే మల్లెలతీర్థం. అక్కడి నుంచి లోయలోకి దాదాపు 350 మెట్లు. గొడుగులు కారులోనే వదిలేయండి, రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. రెయిన్‌కోటు, అడుగున గాట్లున్న బూట్లు ఉంటే చాలు. రబ్బరు చెప్పులతో వచ్చిన మా ఆయన రెండుసార్లు జారారు.

మెట్ల మీద తడి ఆకులు పొరలు పొరలుగా అంటుకుని ఉన్నాయి. ఒకచోట మా చిన్నోడు ఆగి వంగాడు. బొటనవేలంత రోకలిబండ పురుగు ఒకటి మెట్టు అంచు వెంట పోతోంది. పుల్లతో తాకగానే చుట్ట చుట్టుకుని రూపాయి బిళ్లలా అయింది. అది మళ్లీ విప్పుకుని కదిలేదాకా వాడు అక్కడి నుంచి లేవలేదు. వానకు చెవుల్లో నీళ్లు కారుతున్నా మేమూ నిలబడే ఉన్నాం.

సగం దిగాక అత్తమ్మ మోకాళ్లు వణికాయి. పైకి వస్తున్న ఒక చెంచు కుర్రాడు చూసి, తన చేతికర్ర ఇచ్చి, "అవ్వా, ఎదురుగ దిగకు, పక్కకు తిరిగి ఒక్కో మెట్టు దిగు" అన్నాడు. అలాగే దిగింది. మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లెవరైనా ఈ మాట గుర్తుపెట్టుకోవాలి.

ఇంతకుముందు వచ్చినప్పుడు నాచు పట్టిన బండ మీది నుంచి సన్నటి ధారలు జాలువారేవి. ఈసారి ఎర్రటి నీళ్లు ఒక్కపెట్టున దూకుతున్నాయి. పక్కనున్నవాళ్ల చెవిలో అరిస్తే తప్ప మాట వినపడదు. అక్కడున్నవాళ్లు గుండంలోకి ఎవరినీ దిగనివ్వలేదు. పిల్లలు అలిగారు కానీ, ఆ ఉధృతి చూశాక అక్కడివాళ్లు చేసింది నూటికి నూరు పాళ్లు సరైన పనే అనిపించింది. స్నానాల కోసమే వచ్చేవాళ్లు వానలు తగ్గాక రండి. నీటిని చూడాలంటే మాత్రం ఇలాంటి రోజే రావాలి.

దిగడం చూసి లెక్క వేయకండి, అసలు పరీక్ష ఎక్కేటప్పుడు. అత్తమ్మతో పైకి రావడానికి గంట పట్టింది. పైన ఆ కుర్రాడి కర్ర అతనికి ఇచ్చేసి, అద్దాలు మసకబారిన కారులో కూర్చుని మలీద ముద్దలు తిన్నాం.

మధ్యాహ్నం రంగాపూర్ దగ్గర ఉమామహేశ్వరం. శ్రీశైలానికి ఉత్తర ద్వారమంటారు. గుడి దాకా కారు ఎక్కుతుంది. అక్కడి నుంచి పాపనాశనం అనే నీటిగుండం వైపు నడిచే దారికి కొండచరియే గొడుగులా వంగి ఉంటుంది. బయట కుండపోత, లోపల మా మీద చినుకు పడదు. బండ నుంచి ఊరే నీళ్లు మాత్రం టప్ టప్ మంటూ నెత్తిన పడుతుంటాయి. అత్తమ్మ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా నడిచింది. పెద్దవాళ్లతో, వానలో, ఒక్క చోటికే వెళ్లే వీలుంటే నేను చెప్పేది ఉమామహేశ్వరమే. మల్లెలతీర్థానికి కాళ్లలో సత్తువ ఉన్నవాళ్లు పోవాలి.

చీకటి పడకముందే హాజీపూర్ చౌరస్తాలో వేడి మిర్చీలు, చాయ్. డిండి దాటేసరికి వాన తెరిపిచ్చింది. వెనక సీట్లో పిల్లలు నిద్రపోయారు.

"సలేశ్వరం ఎప్పుడు పోవచ్చు?" అని అడిగింది అత్తమ్మ. అదీ నల్లమల లోయలో ఉన్న శివుడి గుడే.

"చైత్ర పున్నమికి జాతర. కానీ అత్తమ్మా, ఆ నడక దీనికంటే చాలా కష్టం."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత మోకాళ్లు రుద్దుకుంటూ అంది: "మస్తు దినాలున్నయ్. రేపటి సంది పొద్దుగాల మన ఊరి లతీఫ్‌సాబ్ గుట్ట మెట్లెక్కుత."