జాగ్రత్త: 'మెదడుకు రక్తం పెంచే' హెడ్‌సెట్ కొనేముందు ఇది చదవండి

బీపీ, నిద్రలేమి, మతిమరుపు, అన్నిటికీ పనిచేస్తుందంటూ అపార్ట్‌మెంట్లలో క్యాంపులు పెట్టి అమ్ముతున్న కరెంట్ హెడ్‌సెట్ ఒకటి మా అమ్మకి కొన్నాను. 38,500 రూపాయలు, అదీ ఈఎంఐలో. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి కంపెనీ పేరు రాయడం లేదు. రేపు ఇంకో పేరుతో వచ్చినా అమ్మే పద్ధతి ఇదే, అందుకే పద్ధతి చెప్తాను.

మాది విజయవాడ. ఏప్రిల్‌లో ఒక ఆదివారం మా టెర్రస్ మీది హాల్లో ఉచిత పరీక్ష అన్నారు. లిఫ్ట్ ఎప్పట్లాగే పనిచేయలేదు. అమ్మ ఐదంతస్తులు ఎక్కి, ఎదురింటి పిన్నితో మాట్లాడుతూ ఉండగానే వేలికి క్లిప్ పెట్టి గ్రాఫ్ తీశారు. అంతా ఎరుపు. తర్వాత హెడ్‌సెట్ పెట్టి, ఏసీ గదిలో కళ్లు మూయించి, చెవిలో వీణ వినిపిస్తూ 'నిదానంగా పీల్చండి, వదలండి' అని ఇరవై నిమిషాలు కూర్చోబెట్టారు. రెండో గ్రాఫ్ పచ్చగా వచ్చింది. 'మెదడు రక్తప్రసరణ 23 శాతం మెరుగు' అని స్క్రీన్ మీద పడింది. ఇంజినీరింగ్ చదివిన నేను కూడా అక్కడే సంతకం పెట్టేశాను.

బ్రోచర్‌లో ఉన్నదంతా అబద్ధమైతే పట్టుకునేవాణ్ణేమో. ఈ పద్ధతిని టీడీసీఎస్ అంటారు. తలకి రెండు తడి స్పాంజ్‌లు ఆనించి ఒకటి, రెండు మిల్లీ ఆంపియర్ల కరెంట్ పంపుతారు. 2000లో జర్మనీలోని గోటింగెన్‌లో నిట్షే, పౌలుస్ అనే ఇద్దరు, ఇంత చిన్న కరెంట్‌తోనూ మెదడు స్పందన మారుతుందని చూపించారు. మన దగ్గర బెంగళూరులోని మానసిక, నరాల వైద్య సంస్థ నిమ్‌హాన్స్‌లో దీనిమీద పని జరుగుతోంది. 2011లో ఎంఆర్ఐ పెట్టి చూసిన ఒక అధ్యయనంలో ప్లస్ ప్యాడ్ కింద రక్తప్రవాహం దాదాపు 17 శాతం పెరిగింది కూడా. ఆ 17ని బ్రోచర్‌లో పెద్దక్షరాలతో వేశారు. వేయనిదేమిటంటే, అది కొద్దిమంది ఆరోగ్యవంతుల్లో, మెదడులో ఒక్కచోట, కరెంట్ నడుస్తున్నంతసేపు కొలిచిన సంఖ్య. మైనస్ ప్యాడ్ కిందైతే కరెంట్ ఆపాక ప్రవాహం మామూలుకన్నా తగ్గింది. మా హెడ్‌సెట్‌లో ఎరుపు, నలుపు వైర్లు ఎటైనా దూరతాయి. అమ్మ ఎన్ని రోజులు ఏది ఎటు పెట్టుకుందో ఆ దేవుడికే తెలియాలి.

గుండెనీ బీపీనీ మన ప్రమేయం లేకుండా నడిపే నరాల మీద దీని ప్రభావం సంగతి ఇంకా తేలలేదు. కొన్ని పరిశోధనల్లో మార్పు కనిపించింది, కొన్నిట్లో లేదు. బీపీ మాత్రకి బదులు ఇది వాడొచ్చని తేలడం మాత్రం ఎక్కడా జరగలేదు.

కిట్‌లో ఇచ్చిన సెలైన్ నాలుగో రోజుకే అయిపోయింది. ఫోన్ చేస్తే కుళాయి నీళ్లు చాలన్నారు. మా ఎండలకి స్పాంజ్ అంచులు ఇట్టే ఆరిపోయేవి. తడి మిగిలిన కాస్త చోటే కరెంటంతా దిగుతుందని తర్వాత తెలిసింది. మంటగా ఉందంటే 'పనిచేస్తోందన్నట్టేనమ్మా' అన్నారట. ఒక సాయంత్రం అమ్మ మొహం కడుక్కుని వస్తే ఎడమ కనుబొమ పైన కందిగింజంత గోధుమరంగు మచ్చ కనిపించింది. నేను కంగారు పడతానని వారంగా పౌడర్ అద్ది దాస్తోంది.

అంతకన్నా పెద్ద విషయం ఇంకొకటి దాచింది. వాళ్ల 'వెల్‌నెస్ కోచ్' ఫోన్‌లో, 'గ్రాఫ్ పచ్చగానే ఉంది కదమ్మా, మాత్ర రోజు విడిచి రోజు వేసుకోండి' అన్నాడు. రాతలో ఎక్కడా పెట్టలేదు, అంత తెలివి ఉంది. రోజు విడిచి రోజు కాస్తా పూర్తిగా మానేయడం అయింది. తల బరువుగా ఉందంటే చేతికి పట్టీ చుట్టి చూశాం, 172/100. ఆ రాత్రి ఆస్పత్రిలో గడిచింది. అంత బీపీ ఉన్న రోజు కూడా యాప్‌లో గ్రాఫ్ పచ్చగానే ఉంది.

అప్పుడు అనుమానం వచ్చి నేనే వేలికి క్లిప్ పెట్టుకున్నాను. మెట్లెక్కి వచ్చి ఒకసారి, పడక కుర్చీలో నిదానంగా ఊపిరి తీస్తూ ఇరవై నిమిషాలు కూర్చుని ఒకసారి. హెడ్‌సెట్ డబ్బాలోనే ఉంది. 'మెదడు రక్తప్రసరణ 26 శాతం మెరుగు'. అమ్మకన్నా మూడు ఎక్కువ!

ఊపిరి పీల్చినప్పుడు గుండె కాస్త వేగంగా, వదిలినప్పుడు నెమ్మదిగా కొట్టుకుంటుంది. నిదానంగా పీల్చి వదిలితే ఆ తేడా పెరుగుతుంది. ఆ గ్రాఫ్ వెనక ఉన్న హెచ్ఆర్‌వీ (హార్ట్ రేట్ వేరియబిలిటీ) అనేది ఇలాంటి తేడాల కొలతే. ఆ క్లిప్‌కి తెలిసేది వేలిలో నాడి కొట్టుకోవడం. మెదడులో రక్తప్రవాహం చూడాలంటే ఎంఆర్ఐ, డాప్లర్ స్కాన్ లాంటివి కావాలి, వేలి క్లిప్‌తో అయ్యే పని కాదు.

ఎవరైనా కొనమని వెంటపడితే వైద్య పరికరంగా సీడీఎస్‌సీఓ (మందులని, వైద్య పరికరాలని నియంత్రించే కేంద్ర సంస్థ) లైసెన్స్ నంబర్ ఉందేమో అడగండి. మా డబ్బా వెనక సన్నక్షరాల్లో 'వెల్‌నెస్ ఉత్పత్తి, చికిత్సకు కాదు' అని ఉంది. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, తలలో లోహపు ప్లేటో క్లిప్పో ఉన్నవాళ్లు, ఫిట్స్ వచ్చేవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ఇలాంటివాటి జోలికి అసలు పోవద్దు. క్యాంపులో వాళ్లు ఎవరినీ ఆ మాట అడగనే లేదు. సీల్ తీశారు కాబట్టి డబ్బు తిరిగిచ్చేది లేదంటున్నారు. 1915కి ఫోన్ చేసి వినియోగదారుల ఫిర్యాదు పెట్టాను, బిల్లు ఉంటే మీరూ పెట్టండి.

అమ్మ మళ్లీ మాత్ర వేసుకుంటోంది. నిన్న 136/84. మచ్చ ఇంకా పోలేదు.

వచ్చే ఆదివారం పక్క వీధి అపార్ట్‌మెంట్‌లో వాళ్ల క్యాంపట. వెళ్లేవాళ్లు మొదటి గ్రాఫ్ తీయించుకునే ముందు పదిహేను నిమిషాలు కుర్చీలో మాట్లాడకుండా కూర్చోండి. ఆ తర్వాత వాళ్లకి రెండో గ్రాఫ్‌లో చూపించడానికి ఏం మిగులుతుందో చూడండి.